సగమేటి చదువు: మెచ్చినవి, నొచ్చినవి

శరన్నవరాత్రులు వచ్చినవి. దక్షిణదేశమున స్థిరపడిన మన యిండ్లలో సరస్వతీపూజనాడు పుస్తకములన్నియు పీటపైకెక్కును. పసుపుకుంకుమలు పెట్టించుకొని, పట్టుగుడ్డ కప్పుకొని, ఆ దినమంతయు విశ్రాంతి గొనును. పూజలోనున్న పుస్తకమును విప్పి చదువరాదు. మనవారు ఈ నియమమును ఏడాదిలోని తక్కిన దినములందును భక్తితో పాటించుచున్నారని మా మిత్రుడొకడు ఎత్తిపొడిచెను. ఎత్తిపొడుపులో నిజము లేకపోలేదు. కాని చెన్నపట్టణమున మేము కొందరము ఈ యేడు ఆ నియమమును ఉల్లంఘించితిమి.

ఉగాదినాడు పంచాంగశ్రవణమైన పిమ్మట మా పఠనమండలివారము పండ్రెండు గ్రంథముల పట్టిక నొకదానిని వ్రాసికొంటిమి. పక్షమున కొక ఆదివారము కూడి, ఒకరు చదువగా తక్కినవారు వినుచు వచ్చితిమి. దసరానాటికి ఎనిమిది పూర్తియైనవి. ఏడు సగమైనది గనుక లెక్క చూచుకొనుట మంచిది. ఈ పత్రికను చదువు కుటుంబములవారు బళ్ళారిలోనున్నను బరంపురములోనున్నను, షోలాపురములోనున్నను యానాములోనున్నను, రాబోవు ఆరునెలలలో ఏది చదువవలెనో ఏది మానవలెనో నిర్ణయించుకొనుటకు ఈ లెక్క కొంత ఉపకరింపవచ్చును.

పట్టిక వ్రాయునపుడే తగవు వచ్చెను. పెద్దలు ప్రబంధములు చదువుదమనిరి. చిన్నవారు నిరుడు వెలువడిన నవలలు చదువుదమనిరి. తుదకు తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల పుట్టినవి గాని, వెలుపలనున్నవారిని గూర్చినవి గాని ముందు చదువవలెననియు, మార్పునకు ఒకటి రెండు ఇతరములు చేర్చవలెననియు తీర్మానమయ్యెను. 2011 జనగణనమున తమిళనాట సుమారు 42 లక్షలమంది, కర్ణాటకమున 35 లక్షలకు పైబడినవారు తెలుగు తమ మాతృభాషయని చెప్పిరి. ఇంతటి జనము ఏమి వ్రాసెనో, ఆ జనమును గూర్చి ఎవరేమి వ్రాసిరో ఆ జనమునకే తెలియకుండుట విడ్డూరము గదా!

అన్నిటికంటె మిన్నగా మెచ్చినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఈయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రెటరు ఉద్యోగము చేసిన గృహస్థుడు. 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ కాశీ గయలు సేవించి, కలకత్తా చూచి, జగన్నాథము గంజాము శ్రీకాకుళముల మార్గమున తీరము వెంట దిగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారిపొడవున తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపిన విషయములే ఈ గ్రంథము. 1838లో అచ్చుపడినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మరల పరిష్కరించి ప్రకటించిరి.

యాత్రాగ్రంథమనగానే మాలో కొందరు పుణ్యక్షేత్రమాహాత్మ్యములు వినబోవుచున్నామని తాంబూలము వేసికొని కూర్చుండిరి. ఆయన మాహాత్మ్యము చెప్పడనికాదు, చెప్పును. కాని ఆయన దృష్టి ఎక్కువగా భూమిమీదనే నడచును. ఏ మజిలీయందు మంచినీరు దొరకును, ఏ వాగు దాటుట కష్టము, ఏ యూర అంగళ్ళు కలవు, ఏ గుడిలో దిగుటకు చోటు కలదు, సుంకపుచౌకీలవారు ఎంత వేధింతురు, ఒక రాజ్యపు నాణెము మరియొక రాజ్యమున ఎంతకు మారును: ఇట్టివన్నియు లెక్కగా వ్రాసినాడు. మా మండలిలో బ్యాంకు ఉద్యోగము చేసి విశ్రాంతి గొన్న సభ్యులొకరు ఆ నాణెముల మారకమునకే రెండు ఆదివారములు ఖర్చు చేయించిరి. విసుగుకొనినవారు లేకపోలేదు గాని, రైలులేని కాలమున ఒక గృహస్థుడు ఇంతమందిని వెంటబెట్టుకొని ఇంత దూరమెట్లు పోయి వచ్చెనో తెలిసినది ఆ లెక్కలవలననే.

భాష విషయమున మాకును పెద్దలకును అభిప్రాయభేదము వచ్చెను. వీరాస్వామయ్యగారి తెలుగు ప్రబంధపు తెలుగు కాదు. అందు చెన్నపట్టణపు పలుకుబడి యున్నది, కచేరీమాటలున్నవి, హిందుస్తానీ ఇంగ్లీషులును దొరలినవి. ఇది సంకరభాష యని ఒకరు ముక్కు విరిచిరి. మేమట్లు తలపము. చెన్నపట్టణమున కోర్టు ఉద్యోగియగు ఒకడు, పిళ్ళ యను పేరుగల మిత్రునికి, డబ్బు లెక్కలు మొదలు దేవుని విచారమువరకు సమస్తమును తెలుగున వ్రాసి పంపెను. ఆ మిత్రుడు దానిని చదివి దాచి అచ్చువేయించెను. ఈ నగరమున తెలుగు పండుగనాటి పట్టుచీర కాక నిత్యపు నూలుబట్టగా నుండెననుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? కోమలేశ్వరన్‌పేట నేటికిని ఈ నగరముననే యున్నది. ఆ వీధులగుండ దినమును పోవు మా సభ్యులు కొందరు ఈ గ్రంథము పేరు విని యెరుగరు.

తరువాత మెచ్చినవి రెండు. వాటిని జంటగా చదివితిమి గనుక జంటగానే చెప్పుదుము. మొదటిది స.వెం. రమేశ్‌గారి ప్రళయకావేరి కథలు. పులికాటు సరస్సునకు ప్రళయకావేరి యను పేరు కలదని మాలో సగముమందికి తెలియదు. ఆ సరస్సు కొంత ఆంధ్రప్రదేశ్‌లోను కొంత తమిళనాటను పరచుకొనియున్నది. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రముల ఎల్లలు సవరింపబడినపుడు ఆ వైపు గ్రామములు కొన్ని ఇటు, కొన్ని అటు మారినవి. ఆ దీవులలో తాతతో అవ్వతో గడపిన బాల్యము ఈ కథలలోని వస్తువు. చేపల పేర్లు, పిట్టల పేర్లు, గడ్డిపేర్లు, పిల్లల ఆటలు, కాలమునుబట్టి వండుకొను తిండ్లు పుటపుటను కనిపించును. రచన అంతయు ఆ చోటి మాటలోనే సాగినది.

చదువనారంభించిన దినమున ఈ భాష అర్థము కాలేదని కొందరు గొణిగిరి. పుస్తకమును కన్నులతో చదివినవారి మాట అది. బిగ్గరగా చదువగా విన్నవారు వేరుగా చెప్పిరి. పొన్నేరి వైపునుండి వచ్చి నగరమున స్థిరపడిన వృద్ధురాలొకతె, చదువుచున్న కుర్రవానిని ఆపి, "ఇది మా ఇంట్లో మాటేరా నాయనా, ఎవరు రాసినారు?" అని యడిగెను. ఆమె తెలుగు లిపి యెరుగదు. తన ఇంటి మాట అచ్చుపడుటకు తగినదని ఆమెకు ఇంతవరకు ఎవరును చెప్పియుండలేదు. ఈ పుస్తకమును కొనువారు ఒక నియమము పెట్టుకొనవలెనని మా మనవి: ఒంటరిగా చదువక, ఇంటిలోని పెద్దలకు వినిపింపుడు.

రెండవది తెలుగు పుస్తకము కాదు. కి. రాజనారాయణన్‌గారు తమిళమున వ్రాసిన గోపల్ల గ్రామము. 1976లో వెలువడిన నవల. దాని తరువాతి భాగమగు గోపల్లపురత్తు మక్కళ్ అను నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. ఆయన కోవిల్‌పట్టి దాపున ఇడైచెవల్ గ్రామమున తెలుగువారి ఇంట పుట్టి, తమిళమున మహారచయితయై, 2021లో పుదుచ్చేరిలో కీర్తిశేషుడయ్యెను. తెలుగుదేశము విడిచి దక్షిణమునకు పారిపోయి వచ్చిన కుటుంబములు, నల్లరేగడి భూమిమీది అడవిని కాల్చి కొట్టి ఊరు కట్టుకొనిన వృత్తాంతమది. నూరేండ్లు దాటిన ముదుసలి మంగత్తాయారమ్మ ఆ పరుగును పిల్లలకు చెప్పుచుండును.

దీనిని మేము తమిళముననే చదివితిమి. చదివినది కళాశాల విద్యార్థిని. ఆమె ఇంట తెలుగు మాటలాడుదురు గాని ఆమెకు మన అక్షరములు రావు. వినువారిలో దక్షిణపు జిల్లాలనుండి వచ్చిన పెద్దలుండిరి. పారిపోవువారిని గూర్చిన ఘట్టము రాగానే ఒకరు చేయెత్తి ఆపి, తమ వంశమున చెప్పుకొను కథను, ఏటిగట్టున చెట్టు వంగి దారి యిచ్చిన కథను, తెలుగులో చెప్పనారంభించిరి. ఇంకొకరు దానిని సవరించిరి. మూడవవారు వారిద్దరును తప్పే యనిరి. ఆ దినమున నవల పది పుటలకంటె ముందుకు సాగలేదు. సాగనందులకు ఎవరును చింతింపలేదు.

ఇక్కడ మమ్ము కలవరపెట్టిన విషయమొకటి కలదు. మన వలసచరిత్రను ఇంత ప్రాణముతో చెప్పిన నవల తమిళమున పుట్టెను. రాజనారాయణన్‌గారు తమ కరిసల్ సీమ మాటలకు ఒక నిఘంటువును గూడ కూర్చిరి. ఇందు తమిళమునకు కలిగిన లాభమును చూచి మేము అసూయపడము. మన యింటి బిడ్డ పొరుగింట పేరు తెచ్చుకొనుట మనకును గౌరవమే. కాని అదే యింటిలో, అదే తరమున, ఆ కథను తెలుగున వ్రాయుటకు పూనినవారు ఎందరు? వ్రాసిన చదువువారెవరు అను ప్రశ్న ముందుగా వచ్చియుండును. ఆ ప్రశ్నయే నేడు మన ముందును నిలిచియున్నది. 2006లో తమిళనాట వచ్చిన చట్టముచే ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరి యయ్యెను. ఏటికొక తరగతిగా ప్రాకి పది సంవత్సరములలో పదవ తరగతిని చేరెను. పిల్లలు తమిళము నేర్చుటపై మాకు ఆక్షేపణ లేదు. ఉన్న యూరి భాష నేర్వనివాడు ఆ యూర పరదేశియే. తెలుగు నేర్పువారు పాఠశాలలో తగ్గుచుండగా, ఇంటిలో ఆ లోటు తీర్చుటకు మనమేమి చేసితిమన్నదే మా విచారము. మా మండలిలో నలువదియేండ్లకు లోబడినవారు ముగ్గురే. ఆ ముగ్గురిలో తెలుగును తడబడక చదువగలవాడు ఒక్కడు.

షోలాపురపు మిత్రుల కొరకు చదివిన గ్రంథమొకటి కలదు. అది కథ కాదు, కావ్యము కాదు, పదకోశము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు నడపిన మాండలిక వృత్తిపదకోశములో చేనేతపదముల సంపుటము, 1971 నాటిది. వ్యవసాయపదముల సంపుటము 1962లో వచ్చెను. పదకోశమును కూర్చుండి చదువుట యేమని నవ్వినవారు, పడుగు, పేక, నాడె, కండె, ఆసు అను మాటల వెంట ఎన్ని రూపములు ఏయే సీమలలో కలవో చూచి నోరు మూసిరి. తెలంగాణమునుండి షోలాపురము పోయి మగ్గములు పెట్టిన పద్మశాలి కుటుంబముల మిత్రుడొకడు మా కోరికపై తమ యింట వాడిన మాటలను కాగితముపై వ్రాసి పంపెను. మరమగ్గములు వచ్చిన పిదప వానిలో పెక్కు మాటలు పోయి మరాఠీమాటలు చేరినవట. ఈ కోశమునకు మేము చెప్పవలసిన కొరత యొకటే: ఆ సేకరణము ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఎల్లలలో జరిగినది. వెలుపలి మగ్గములవారిని అడిగినవారు లేరు. ఇప్పుడైనను అడుగువారు మనమే కావలెను.

యానామును గూర్చి బొల్లోజు బాబాగారి ఫ్రెంచిపాలనలో యానాం చదివితిమి. యానాము తెలుగూరే, చుట్టును తెలుగుదేశమే. అయినను పాలన పుదుచ్చేరిది. 1954లో ఫ్రెంచివారు వైదొలగువరకు అక్కడి చట్టము వేరు. శారదా చట్టము బాల్యవివాహములను ఆపినపుడు, ఆ చట్టము చెల్లని యానామునకు బండ్లు కట్టుకొని పోయి పెండ్లిండ్లు చేసినవారెందరో! మా సభ్యులలో ఒకరి ముత్తవ్వ పెండ్లి అట్లు జరిగినదేనట. పుస్తకము చిన్నది, చదువ సులువు. దాట్ల దేవదానం రాజుగారి యానాం కథలను దానితోపాటు చదువుట మంచిదని అక్కడి మిత్రులు వ్రాసిరి. రెండవ సగమునకు దానిని చేర్చితిమి.

తిరుమల రామచంద్రగారి హంపీ నుంచి హరప్పా దాకా గ్రంథమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2002లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన ఆత్మకథ; పెక్కుమంది చదివినదే. తంజావూరు సరస్వతీమహలులో తాళపత్రముల నడుమ ఆయన పని చేసిన దినముల కొరకైనను చదువని వారు చదువవలెను.

ఇక నొచ్చిన వాటి సంగతి. అడివి బాపిరాజుగారి నారాయణరావు మార్పుకొరకు చేర్చిన నవల. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును వేయిపడగలతో పంచుకొనిన ప్రసిద్ధకృతి. బాపిరాజుగారియందు మాకు గౌరవము మెండు. వర్ణనలు నేటికిని కన్నులకు కట్టును. కాని నాయకుడు సర్వసుగుణసంపన్నుడు. చదువున, సంగీతమున, దేహబలమున, దేశభక్తియందు ఎదురులేనివాడు. అతడు తప్పు చేయునేమో యని మూడువందల పుటలు కాచుకొని నిరాశపడితిమి. నవల యందలి తక్కినవారు అతని మంచితనమునకు అద్దము పట్టుటకే పుట్టినట్లు తోచిరి. పూర్వము చదివి ముచ్చటపడిన పెద్దలు మా తీర్పునకు కోపించిరి. వారి కోపము వారిది, మా తీర్పు మాది.

అంతకంటె నొప్పించినది ఒక అనువాదము. పేరు చెప్పము. తమిళ నవలకు తెలుగు అనువాదము, ఆంగ్లమునుండి చేసినది. అళగర్ అను దేవుని పేరు ఆ పుస్తకమున 'అజగర్' అయినది! తమిళపు ళకారమును ఆంగ్లమున వ్రాయు రీతిని చూచి అనువాదకుడు అట్లు తెలుగు చేసినాడు. మదురై ప్రక్కనున్న దేవుడు పామైపోయెనని మా సభ్యులు నవ్విరి గాని, అది నవ్వవలసిన సంగతి కాదు. తమిళ తెలుగులు రెండును నాలుకపై ఆడు జనము లక్షలమంది యుండగా, కన్నడ తెలుగులు, ఒడియా తెలుగులు, మరాఠీ తెలుగులు ఎరిగినవారు అంతమంది యుండగా, పొరుగింటి పుస్తకము మనకు లండను చుట్టి రావలెనా? ఈ పని చేయదగినవారు మనవారిలోనే కలరు. ప్రకాశకులు వారిని వెదకరు. వీరును ముందుకు రారు.

ప్రాచీనగ్రంథముల పునర్ముద్రణములును కొన్ని నిరాశ కలిగించినవి. మేము తెప్పించినవానిలో ఒకటి పాతప్రతిని యంత్రముతో పటము తీసి కట్టిన పుస్తకము. నడుమ ఎనిమిది పుటలు లేవు, అథోజ్ఞాపికలు అంచున తెగిపోయినవి, పీఠిక యొక్క జాడ లేదు. వెల మాత్రము పూర్తిగా నుండెను. పాతపుస్తకములు నేడు ఫోనులో ఉచితముగా దొరకుచున్నవి. అచ్చుప్రతి కొనువాడు దానికంటె మేలైనదేదో ఆశించి కొనును గదా.

పట్టికలో లేనిదైనను, ఈ ఆరునెలలలో అందరి కంటెను ఎక్కువగా మా యిండ్లకు వచ్చిన తెలుగు అచ్చుపుస్తకము వేరొకటి కలదు. అది సంఘముల ప్రత్యేక సంచిక. వార్షికోత్సవముల కని, వెండిపండుగల కని, నున్నని కాగితముపై రంగులతో నాలుగు సంచికలు చేరినవి. వానిని గూడ మేము మొదటినుండి తుదివరకు చదివితిమి. ప్రముఖుల శుభాకాంక్షలు, కార్యవర్గపు ఛాయాచిత్రములు, నగలకొట్ల ప్రకటనలు, భాష అంతరించిపోవుచున్నదని కన్నీరు పెట్టు రెండు వ్యాసములు, సభ్యుల దూరవాణి సంఖ్యలు. కన్నీటి వ్యాసములు నాలుగింటను ఇంచుమించు ఒకటే. షోలాపురపు మగ్గపు మాటలు గాని, దక్షిణపు జిల్లాల వలసకథలు గాని, యానాము పెండ్లిండ్లు గాని వానిలో ఒక్క పుటయైనను ఆక్రమింపలేదు.

కావున మా సంఘమువారికి ఒక సూచన చేయుచున్నాము. తక్కిన సంఘములవారును ఆలోచింపవచ్చును. రాబోవు సంక్రాంతికి తలపెట్టిన సంచికను ఆపి, దానికై చేరిన ధనముతో ప్రళయకావేరి కథలను, కాశీయాత్ర చరిత్రను ప్రతులుగా కొని, ఇంటికొకటి చొప్పున పంచవలెను. ప్రకటనలిచ్చు వర్తకుల పేర్లు ప్రతిలోపల ఒక చీటిపై అచ్చువేసి అంటించిన వారికిని తృప్తియే. సంచికయే కావలెనని కార్యవర్గము పట్టుబట్టినచో, అందు సగము పుటలు సభ్యుల యిండ్లలోని పాతజాబులకును, కథలకును, వృత్తిపదములకును విడువవలెను. ఛాయాచిత్రములు తగ్గినందువలన కొందరికి కష్టము తోచును. తోచనిండు.

ఇక మిగిలినవి నాలుగు పుస్తకములు. వానిలో ఒరిస్సా మిత్రుల కొరకు పెట్టుకొనినది గోపీనాథ మహంతిగారి అమృతసంతానము. ఒడియాలో 1955 నాటి సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన నవల. పురిపండా అప్పలస్వామిగారు తెలుగు చేసిరి. ప్రతి మాకు ఇక్కడ దొరకలేదు. బరంపురములో గాని పర్లాకిమిడిలో గాని ఎవరియింటనైనను ఉన్నచో నెలదినములకు ఎరువిచ్చినయెడల జాగ్రత్తగా చదివి తపాలాఖర్చులతో తిరిగి పంపుదుము. దీపావళి తరువాతి మొదటి ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు మండలి మరల కూడును. అక్షరములు రానివారును రావచ్చును, చదువుటకు మనుష్యులున్నారు.